వల ఒడ్డునే పాడవుతుంది

పనిముట్టు పనిలో అరిగేది కొంతే, పని లేనప్పుడు పాడయ్యేది అంతకన్నా ఎక్కువ. వినగానే ఈ మాట తిరకాసుగా తోస్తుంది గానీ, నీళ్లను నమ్ముకుని బతికేవాళ్ల సామాను దగ్గరగా చూస్తే అందులో తిరకాసేమీ కనబడదు. వేట సాగుతున్నన్నాళ్లూ వల మనిషి చేతిలో ఉంటుంది. తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ నీళ్లలోకి వెళుతుంది. తెగిన కన్ను ఆ పూటే కంటబడుతుంది, జారిన బెండు ఆ పూటే బిగుసుకుంటుంది. వేట ఆగి వల గుట్టగా మూలకు చేరిన నాటి నుంచి దాన్ని తడిమే చెయ్యి ఉండదు. ఉప్పు, ఎండ, ఎలుక, చెమ్మ అన్నీ అప్పుడు తమ పని మొదలుపెడతాయి. వేట మానుకున్న రోజులే వేటసామానుకు గండం. కాబట్టి ఆ రోజుల్లో దాన్ని కడిగి, ఆరబెట్టి, బాగుచేసుకోవడం వేటలో సగం పని. ఈ సగాన్ని మనం చాలాకాలంగా లెక్కలో వేసుకోవడం లేదు. చేప ధర లెక్కిస్తాం, డీజిల్ ఖర్చు లెక్కిస్తాం, నిషేధపు రోజులు లెక్కిస్తాం. ఆ రోజుల్లో ఒడ్డున జరగవలసిన పనిని మాత్రం ఎవరూ లెక్కించరు. దాన్ని లెక్కలోకి తేవాలన్నదే నా వాదన.

ఈ వాదనకు నాయుడుపేట పరిసరాలు మంచి సాక్ష్యం. ఊరి పక్కన స్వర్ణముఖి, తూర్పున సముద్రం, ఆగ్నేయంగా పులికాట్ సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత పెద్దది పులికాట్. ఎక్కువ భాగం మన ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. ఈ ప్రాంతానికి వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిన నీళ్లు ఏరుల్లోంచి దిగి సరస్సును నింపుతాయి. మంచినీళ్లు, ఉప్పునీళ్లు కలిసిన ఆ రోజుల్లోనే చేపా రొయ్యా పుష్కలం. దగ్గరలోని నేలపట్టులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకునేదీ, తడ, సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగోలు గుంపులుగా దిగేదీ అప్పుడే. చలికాలం వచ్చిందంటే ఇక్కడ నీళ్ల మీద సందడి. అసలు విరామం వేసవిలో వస్తుంది. సగటున మీటరు లోతు కూడా కష్టమైన సరస్సు ఎండలకు కుంచించుకుపోతుంది, కొన్నిచోట్ల నేల బయటపడుతుంది, మిగిలిన నీటిలో ఉప్పు సముద్రాన్ని మించుతుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. 2015కు ముందు అది ఇంతకన్నా తక్కువ రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలన్నది నిషేధం ఉద్దేశం.

చల్లటి ప్రాంతాల్లో ఇదే విరామం చలికాలంలో వస్తుంది. ఈకలతో, దారంతో పురుగు ఆకారంలో కట్టిన గాలాన్ని నీటి మీదికి విసిరి ట్రౌట్ చేపను పట్టే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ట్రౌట్ చలికాలంలో గుడ్లు పెడుతుంది కాబట్టి అప్పుడు గాలం వేయకూడదు. మన హిమాచల్‌ప్రదేశ్‌లో నవంబరు మొదలు ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట నిషేధం. ఇంగ్లండు నదుల్లో ట్రౌట్, సాల్మన్ కాని ఇతర చేపలకు మాత్రం మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం వేయరాదన్న నియమం ఉంది. మన తూర్పు తీరపు నిషేధానికి అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. దేశాలు వేరు, చేపలు వేరు, కారణం ఒక్కటే. గాలపు వేటకు మన ప్రాంతంతో సంబంధం లేదనుకోవడానికీ లేదు. నెల్లూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో ఆ ప్రెసిడెన్సీ సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం ప్రచురించాడు. 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరొకటి రాశాడు. చెరువుకూ గాలానికీ ఉన్న బంధం ఒక పుస్తకానికి సరిపడేంత పెద్దదని ఆయన గుర్తించాడు.

ఆ గాలం వేసేవాళ్లు చలికాలపు విరామంలో ఏం చేస్తారో గమనిస్తే ఒక పద్ధతి కనబడుతుంది. ముందు దారం. ఫ్లై ఫిషింగ్ దారానికి పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది. విసురుకు బరువిచ్చేదీ, నీటి మీద తేలేట్టు చేసేదీ ఆ పూతే. ఏరులోని పాచి, సన్నని ఇసుక దానికి పట్టుకుంటే దారం మునుగుతుంది, కడ్డీ వలయాల్లో గరగరలాడుతుంది. అందుకని గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా మెత్తని సబ్బు కలిపి, దారాన్ని బట్టలోంచి లాగుతూ తుడుస్తారు. ఘాటైన రసాయనాలు తగలనివ్వరు. దోమల మందు రాసుకున్న చేతితో ముట్టుకున్నా పూత దెబ్బతింటుంది. తర్వాత దాన్ని రీలు మీద బిగుతుగా వదిలెయ్యరు. నెలల తరబడి చిన్న చుట్టలో ఉన్న దారం ఆ వంపు మరిచిపోదు, మళ్లీ విసిరినప్పుడు నీటి మీద మెలికలు తిరుగుతుంది. అందుకే వదులుగా పెద్ద చుట్టలు చుట్టి పెడతారు. రీలు లోపలి బిగింపు సడలిస్తారు. కడ్డీని తడిగా గొట్టంలో దూర్చరు. ఈకల గాలాలను పూర్తిగా ఆరనిచ్చి గాని డబ్బాలో పెట్టరు. తడి గాలం ఒక్కటి చాలు, డబ్బాలోని ముళ్లన్నిటికీ తుప్పు అంటిస్తుంది. ఈకను, బొచ్చును పురుగు కొడుతుంది కాబట్టి డబ్బా మూత బిగించి పొడిచోట దాస్తారు. ఈ పనుల్లో ఏదీ చేపను పట్టే పని కాదు. ఒక్కటి మానేసినా వచ్చే ఏడు పట్టే చేప తగ్గుతుంది. పెట్టెలో మడిచిన పట్టుచీర కట్టకపోయినా మడతల దగ్గరే చిరుగుతుంది, అందుకే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏడాదికోసారి తీసి మడత మార్చి పెడతారు. దారానికీ వలకూ వర్తించే న్యాయం అదే.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. సముద్రపు వేట ముగించి తెచ్చిన వలను మంచినీళ్లలో కడగకుండా గుట్టపోశారనుకుందాం. నీరు ఆవిరై, ఉప్పు దారపు పురుల మధ్య గట్టిపడుతుంది. ఆ రవ్వలు సన్నని ఆకురాయిలా దారాన్ని లోపలి నుంచే గీస్తాయి. నైలాన్ కుళ్లదన్నది నిజమే గానీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని బలాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు మన తీరంలో ఇసుక మీద పరిచి వదిలేసిన వల, పైకి కొత్తదానిలాగే ఉండి, బరువు పడ్డాక పటుక్కున తెగుతుంది. చేప జిగురు, నీచువాసన వదలకపోతే ఎలుకలు వస్తాయి, అవి కొరికిన చోటు ఒక్క కన్నుతో ఆగదు. సీసపు గుళ్లు, బెండ్లు కట్టిన తాళ్లు మెలికపడి అలాగే బిగుసుకుంటాయి. చెక్క పడవ సంగతి మరీ స్పష్టం. నీటిలో ఉన్నంతసేపు చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఒడ్డు మీద ఎండకు చెక్క కుదించుకుని సందులు విడిపోతాయి, జూన్‌లో దింపిన రోజే నీళ్లు ఊరతాయి. నీడ కల్పించి, సందుల్లో పీచు దట్టించి, నూనె పట్టించిన పడవకు ఆ బాధ ఉండదు. ఇంజనైతే రెండు నెలలు తిప్పకుండా వదిలేస్తే ఉప్పుగాలికి లోపలి లోహం తుప్పు పడుతుంది. ఇన్ని నష్టాల్లో ఒక్కటి కూడా వేటలో జరిగింది కాదు.

మన పాతతరం బెస్తలకూ పట్టపు వాళ్లకూ ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. నూలు వలలు, జనపనార వలలు వాడిన కాలంలో సామాను సంరక్షణ రోజువారీ బతుకులో భాగం. తడి నూలు నాలుగు రోజులు పట్టించుకోకపోతే కుళ్లి చేతికి వచ్చేది. అందుకే చెట్ల బెరడును, చింతగింజల పొట్టును ఉడికించి తీసిన కషాయంలో వలను ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచేవారు. ఆ వగరు పదార్థం తోలును పదును చేసినట్టే నూలును కుళ్లు నుంచి కాపాడుతుంది. వారాల వ్యవధిలో మళ్లీ మళ్లీ చేయవలసిన పని అది. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడింది. కృత్రిమ దారాల వలల గురించి అది చేసిన పరిశోధన, ఆ దారాలు మార్కెట్లోకి రావడం, రెండూ కలిసి కొద్ది దశాబ్దాల్లోనే నూలు వలను వెనక్కి నెట్టేశాయి. నైలాన్ మత్స్యకారుడికి చేసిన మేలు సామాన్యమైంది కాదు. తేలికైన వల, బలమైన వల, కషాయపు కాగులు అక్కర్లేని వల. ఆ మేలును తక్కువ చేసి పాతరోజులే మేలని అనడం అన్యాయం. అయితే నైలాన్ ఒక పనిని మాత్రమే తీసేసింది. కుళ్లు గురించిన భయం పోయింది కాబట్టి, ఉప్పు గురించీ ఎండ గురించీ చిరుగుల గురించీ ఉండవలసిన జాగ్రత్త కూడా దానితోపాటే జారిపోయింది. కషాయంలో ముంచడానికి వలను మొత్తం చేతులతో పరిచినప్పుడు ప్రతి కన్నూ కంటబడేది. ఆ పరిశీలన కషాయం వెంట వచ్చిన లాభం. కషాయం పోయినా పరిశీలన పోకూడదు.

ఆ పరిశీలన ఎంత నేర్పు కోరుతుందో ఒక్క చిరుగును బాగుచేసే తీరులో చూడవచ్చు. తెలియనివాడు రంధ్రాన్ని నాలుగు వైపులా దగ్గరకు లాగి ముడేస్తాడు. తెలిసినవాడు ముందు కత్తి తీసుకుని రంధ్రాన్ని ఇంకాస్త పెద్దది చేస్తాడు. వేలాడే కొసలను, సగం తెగిన కళ్లను కోసి అంచును శుభ్రం చేస్తాడు. వలలో ప్రతి ముడి నుంచి నాలుగు దారాలు బయల్దేరతాయి. శుభ్రం చేసిన అంచులో మూడు దారాలు మిగిలిన ముడి ఒకటి మొదలుకు, అలాంటిదే మరొకటి ముగింపుకు ఉండేట్టు, మధ్యలోవన్నీ రెండేసి దారాలతో నిలిచేట్టు కోత కోస్తాడు. అప్పుడు సూదిలోని దారం మొదటి ముడి దగ్గర పట్టి, వరుస వెంట వరుస అల్లుకుంటూ, ఎక్కడా తెగకుండా చివరి ముడి దగ్గర ఆగుతుంది. కన్ను కొలత వేళ్లతోనో పుల్లతోనో చూసుకుంటాడు. ఆ కొలతే ఇక్కడ ప్రాణం. చేప మొప్పల దగ్గర తగులుకునే వలలో కన్ను పరిమాణమే ఏ చేపను పట్టాలో, ఏ పిల్లను వదలాలో నిర్ణయిస్తుంది. హడావుడిగా లాగి ముడేసిన చోట కళ్లు ఇరుకై, వదలవలసిన పిల్లచేప దొరుకుతుంది. పట్టవలసిన పెద్దచేప అక్కడ ముక్కు తగిలించి వెనక్కి పోతుంది. అంటే వలను సరిగా బాగుచేయడంలో మత్స్యకారుడి లాభమూ సరస్సు లాభమూ ఒకే ముడిలో ఉన్నాయి. ఈ పని పడవ మీద, అలల మధ్య, చీకట్లో జరిగేది కాదు. తీరుబాటు, వెలుతురు, నీడ కావాలి. విరామకాలం ఇచ్చేవి అవే.

దీనికి మొదటి అభ్యంతరం ధర గురించి. నైలాన్ వల చవక, కూలి ప్రియం, రోజంతా కూర్చుని పాతది కుట్టేకన్నా కొత్త ముక్క కొనడమే లాభం అంటారు. ఒక మనిషి ఒక్క ఏడాది లెక్కలో ఇది నిజం కావచ్చు. ఆ లెక్కలో పాత వల ఎక్కడికి పోతుందన్న పద్దు లేదు. కుళ్లని గుణం వాడకంలో వరం, పారేశాక శాపం. నూలు వల నీటిలో జారిపోతే కొన్నాళ్లకు మట్టిలో కలిసేది. నైలాన్ వల ఏళ్ల తరబడి ఎవరి కోసమూ కాని వేట సాగిస్తూనే ఉంటుంది. చేపలు, పీతలు, మన తీరానికి చలికాలం చివర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు అలాంటి వలల్లో చిక్కుతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో వేటసామానుకు యజమాని ఎవరో తెలిసే గుర్తులు వేయాలని మార్గదర్శకాలు ఆమోదించిందంటే, వదిలేసిన వలల బెడద ప్రపంచమంతటా ఎంత పెరిగిందో అర్థమవుతుంది. గుర్తు వేయడం మంచిదే. అంతకన్నా ముందు జరగవలసింది, మనిషికి తన వల మీద మమకారం ఉండటం. తన చేతులతో కుట్టిన వలను ఎవరూ తేలిగ్గా నీళ్లలో వదిలి రారు. తాళ్లు గట్టిగా ఉన్న వల తుపానులో కూడా తేలిగ్గా తెగిపోదు. చవక వస్తువును నిర్లక్ష్యం చేసిన ఖర్చు చివరికి నీటి మీద పడుతుంది, నీటి మీద పడిన ఖర్చును మళ్లీ ఆ మత్స్యకారుడే చెల్లిస్తాడు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. వేట లేని రెండు నెలలు తిండికే కటకటలాడే కుటుంబానికి వల కుట్టుకో, పడవకు నూనె రాయి అని చెప్పడం కడుపు నిండినవాడి ఉపదేశం కాదా? ఈ ప్రశ్నను దాటవేసే హక్కు ఎవరికీ లేదు. నిషేధపు రోజుల్లో మగవాళ్లు కూలికి చెన్నై దాకా పోతే అది సోమరితనం కాదు, అవసరం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో కుటుంబానికి 10,000 రూపాయలైంది, 2025లో 20,000 అయింది. పెరగడం న్యాయమే. కానీ ఆ సొమ్ము ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇచ్చింది, దారం, తాడు, నూనె, రంగు, ఇంజను మరమ్మతుల పద్దు అందులో ఇమడదు. అందుకే నా వాదన మత్స్యకారుడికి నీతి చెప్పడంతో ఆగదు. ఒడ్డున జరిగే పని కూడా వేటలో భాగమేనని ఒప్పుకుంటే, ఆ పనికి కూలి ఉందనీ, ఖర్చు ఉందనీ ఒప్పుకోవలసి వస్తుంది. పైగా ఆ పనిలో ఎక్కువ భాగం కనబడని చేతులది. వల విప్పేవాళ్లలో, చిక్కులు తీసేవాళ్లలో, ఆరబెట్టి ఎత్తేవాళ్లలో ఇంటి ఆడవాళ్లున్నారు, వయసు మీరి నీళ్లలోకి వెళ్లలేని పెద్దవాళ్లున్నారు. లెక్కలో లేని పనికి విలువ కట్టడం మొదలైతే ముందు గౌరవం దక్కేది వాళ్లకే. పేదరికం నా వాదనకు అడ్డు కాదు, దాన్ని మరింత బలపరిచే కారణం. అప్పు చేసి కొన్న వల ఒక్క ఏడు ఎక్కువ నిలిచినా అప్పు అంత ఆలస్యంగా మళ్లీ పుడుతుంది.

మూడో అభ్యంతరం పోలిక మీదే. సరదాకు గాలం వేసే హిమాచల్ అతిథినీ, పొట్టకూటికి వల వేసే దుగరాజపట్నం మత్స్యకారుడినీ ఒకే గాటన కట్టడం తగునా అనవచ్చు. వాళ్ల బతుకులు ఒకటి కావు, ఆ తేడాను చెరిపేయాలన్న ఉద్దేశమూ నాకు లేదు. ఒకడికి దారం తెగితే సాయంత్రం పోతుంది, మరొకడికి వల తెగితే నెల పోతుంది. అయితే పోలిక పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. పోయేది ఒక సాయంత్రమే అయినవాడు చలికాలమంతా దారం కడిగి, ముల్లు తుడిచి, ఈక ఆరబెడుతున్నాడంటే, నెల పోయేవాడి సామానుకు అంతకు పదింతల ఆదరణ దక్కాలి కదా! సరదాకు గాలం వేసేవాడికి ఆ తీరిక, ఆ చోటు, ఆ సరుకులు సమకూరుతున్నాయి. ఏటా పనిచేసే మత్స్యకారుడికి నీడ ఇచ్చే ఒక రేకుల షెడ్డు, కడగడానికి మంచినీటి కొళాయి, వల పరిచే శుభ్రమైన నేల దొరకని ఊళ్లు తీరం పొడవునా ఉన్నాయి. లోపం మత్స్యకారుడి శ్రద్ధలో కన్నా మన ప్రాధాన్యాల్లో ఎక్కువగా ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. విరామంలో సామాను బాగుచేసుకోవడం వట్టి పొదుపు లెక్క అయితే దాని మీద ఇంత రాయనక్కర్లేదు. అది గడిచిన వేటకాలాన్ని చదువుకునే అవకాశం కూడా. వల ఏ భాగంలో ఎక్కువ చిరిగిందో చూస్తే, ఏ నేల మీద రాళ్లున్నాయో, ఏ దిక్కు ప్రవాహం పెరిగిందో తెలుస్తుంది. ఒకే వరుసలో కళ్లు సాగిపోతే వేసిన తీరులో లోపం ఉందని అర్థం. నాచు కొత్తరకంగా పట్టిందంటే నీటి తీరు మారుతోందని సూచన. పులికాట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోయి సముద్రపు నీరు రావడం తగ్గినప్పుడల్లా సరస్సు తీరు మారుతుంది. ఆ మార్పును మొదట పసిగట్టేది పరికరం పట్టుకున్న శాస్త్రవేత్త కాకపోవచ్చు, వల విప్పి చూసుకుంటున్న మనిషి కావచ్చు. ఆ మనిషికి చూసుకునే తీరిక ఉండాలి, చూసింది చెప్పుకునే చోటు ఉండాలి, చెప్పింది రాసుకునే అధికారి ఉండాలి.

అందుకే నిషేధపు 61 రోజులను ఖాళీ రోజులుగా చూడటం మానాలి. చేపలకు అవి గుడ్లు పెట్టే రోజులు, మనుషులకు సామాను బాగుచేసుకునే రోజులు. ఊరికొక నీడ, ఒక మంచినీటి తొట్టి, చెడిపోయిన నైలాన్ వలలను తిరిగి తీసుకునే ఏర్పాటు, పెద్దవాళ్ల చేత పిల్లలకు వల అల్లిక నేర్పించి వాళ్లకు కూలి ఇచ్చే పద్ధతి, భృతితో పాటు మరమ్మతుకు విడిగా ఒక చిన్న మొత్తం. ఇవేవీ ప్రభుత్వానికి మోయలేని బరువులు కావు. మత్స్యకార సహకార సంఘాలు పూనుకుంటే కొన్ని వచ్చే ఏప్రిల్‌కే మొదలవుతాయి. ఇక సరదాకు చెరువు గట్టున గాలం వేసేవాళ్లయినా సరే, కడ్డీని తడిగా మూలన పెట్టకూడదు, తుప్పు ముల్లును చెరువులో విసరకూడదు. నీళ్లు మనకు ఇచ్చినదాన్ని తీసుకోవడానికి ఏ సామాను వాడుతున్నామో ఆ సామాను పట్ల బాధ్యత, నీళ్ల పట్ల బాధ్యతకు మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కవలసింది వేట జోరుమీదున్నప్పుడు కాదు, వేట ఆగినప్పుడు.